సమ్మవ్వ ఎత్తు బెల్లం

సమ్మవ్వ నిలబడి నిద్రపోయేది. ఇది నేను వేస్తున్న నింద కాదు, గోదావరిఖనిలో ఆ కాలనీ అంతా ఎరిగిన సంగతే. చేతిలో చీపురు ఉండేది, కొంగు బొడ్లో దోపి ఉండేది, కళ్ళు సగం తెరిచే ఉండేవి, మనిషి మాత్రం అక్కడ ఉండేది కాదు. దవాఖాన వరండా సగం ఊడ్చి, స్తంభానికి భుజం ఆనించి, ఎటో వెళ్ళిపోయేది. డాక్టరు శేషగిరిరావు గారు లోపలికి పోతూ పోతూ "ఏమ్మా సమ్మవ్వా, ఏ ఊరు వెళ్ళొచ్చావు?" అని అడిగితే ఉలిక్కిపడి, "గోదారి దాటిన సారూ, గిప్పుడే మర్లొస్తున్న" అనేది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. మిగతా సగం వరండా మధ్యాహ్నానికి పూర్తయ్యేది.

ఆమె కలలకు కాలనీ క్వార్టర్ల లైన్లలో మంచి పేరు. పొద్దున్నే ఇంటింటి ముందరా పచ్చి బొగ్గు కుప్ప పోసి ముట్టించేవాళ్ళు, పొగ అంతా పోయాక దాన్ని పొయ్యిలోకి ఎత్తుకోవాలని. ఆ పొగ లైన్ల మధ్య నిండిపోయి, క్వార్టర్లు నేల వదిలి తేలుతున్నట్టు కనిపించేవి. ఆ పొగలోంచి సమ్మవ్వ నడిచివచ్చి, పక్కింటి షహజాదీ బేగం గడప మీద కూర్చునేది. వెనుకటి రాత్రి వచ్చిన కలను నెమ్మదిగా, ఎవరో చెవిలో చెబుతుంటే తాను వినిపిస్తున్నట్టు చెప్పేది.

"కొమురెల్లి ఒచ్చిండు బేగం. బొగ్గుబాయిలకెళ్ళి పైకొస్తున్నడు. ఎనుక గొర్లు. ఒక్కటి కాదు, మంద. ఒక్కొక్క గొర్రె నొసటికి ఒక్కొక్క లైటు. చీకట్లకెళ్ళి గట్ల మెరుసుకుంట మెరుసుకుంట ఒస్తనే ఉన్నయ్."

"యా అల్లా! కలల గూడ డ్యూటీనేనా అక్కా నీ మొగనికి?" అని షహజాదీ బేగం చాయ్ గ్లాసు అందించేది.

కొమురెల్లి ఆమె భర్త. ఇద్దరివీ కమాన్‌పూర్ పక్క పల్లెలో గొర్లు కాసుకునే ఇళ్ళు. గనులు తెరిచిన కొత్తల్లో అతను మందను తమ్ముడికి అప్పజెప్పి బొగ్గు నింపే పనికి వచ్చాడు. వెనుకనే సమ్మవ్వ వచ్చింది. ఇక్కడే ఒక ఆడపిల్ల పుట్టింది. పాకడం నేర్చింది, గడప దాటడం నేర్చింది, ఒక వానాకాలం జ్వరంలో పోయింది. తర్వాత రెండేళ్ళకు పచ్చకామెర్లతో కొమురెల్లి పోయాడు. ఒంటరిదైన మనిషికి దవాఖానలో ఆయా పని దొరికింది. ఆ పని చేస్తూ చేస్తూ కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి స్నానం తన కాళ్ళ మీదే పోసింది. నాకెవరూ లేరు అని ఆమె ఏనాడూ అనలేదు. అనుకోవడానికి తీరిక కూడా ఉండేది కాదు, కలలు పోగా మిగిలిన సమయమంతా పసిపిల్లలకే సరిపోయేది.

తిండి మీద మాత్రం ధ్యాస ఉండేది కాదు. "ఒక్క కడుపాయె, ఎంత తింటది?" అనేది. పొయ్యి గడ్డ మీది కాలిన మన్ను గిల్లి నోట్లో వేసుకునే అలవాటు ఒకటి ఉండేది. అది చూసి ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏందవ్వా, గీ వయసుల నీళ్ళోసుకున్నవా ఏంది?" అని నల్లా దగ్గర విరగబడి నవ్వేవాళ్ళు. సమ్మవ్వా నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చి బిందె మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. నల్లా దగ్గర నిద్ర అని దానికీ నవ్వేవాళ్ళు.

డెబ్బై మూడో సంవత్సరం దీపావళి వెళ్ళాక రామగుండం స్టేషన్‌లో రైలు దిగి ఒక తెల్లపిల్ల వచ్చింది. పేరు ఐలా. స్కాట్లాండులో డాక్టరు చదువు ఆఖరు సంవత్సరం. అక్కడి కాలేజీ వాళ్ళు చదువు ముగిసేలోపు పిల్లలను మూడు నెలలు పరాయి దేశపు దవాఖానకు పంపుతారట. తమ ఊళ్ళో పుస్తకాల్లో తప్ప కనిపించని జబ్బులను కళ్ళారా చూడాలి, లోకంలో తక్కినవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో తెలుసుకోవాలి, వెళ్ళి తోటివాళ్ళకు చెప్పాలి. శేషగిరిరావు గారు ఒకప్పుడు ఆ కాలేజీలోనే ఏడాదిపాటు పైచదువు చదివారు. ఆ పరిచయంతో ఆ పిల్ల ఇంత దూరం వచ్చింది.

నల్లా దగ్గర ఈ వార్త నలిగి నలిగి పిండి అయింది. "మనకు రోగాలున్నయని చూసిపోనీకి ఒచ్చిందా? గదేం సంబురమే!" అంది ఒకామె. పేరు విన్నాక మాత్రం అందరూ మెత్తబడ్డారు. అట్లాంటి పేర్లు ఇంటికొకటి ఉన్న ఆ వాడలో ఐలా అనే పేరును ఎవరూ పరాయిగా వినలేదు. రెండో రోజుకే ఆమె ఐలవ్వ అయిపోయింది.

ఐలవ్వ చెయ్యాలనుకున్న పని ఒకటే. కాలనీలో పసిపిల్లలందరినీ వారం వారం తూకం వేయాలి. బరువు పెరుగుతున్న బిడ్డ బాగున్నట్టు, పెరగని బిడ్డను కనిపెట్టి ముందే తిండీ మందూ చూసుకోవచ్చు. వరండా దూలానికి ఒక స్ప్రింగు కాటా కట్టింది. దాని కొక్కేనికి గుడ్డ జోలె వేలాడదీసింది. తూకం ఎందుకో చెప్పే చిన్న చిన్న బొమ్మలు గీసి గోడకు అంటించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక వారం గడిచింది. ఒక్క తల్లీ రాలేదు. రెండో వారం గడిచింది. గాలికి ఖాళీ జోలె ఊగుతోంది, ఆ పిల్ల దాన్నే చూస్తూ కూర్చుంది. స్తంభానికి ఆనుకుని ఉన్న సమ్మవ్వ ఎందుకో ఆ పూట ఎక్కడికీ పోలేకపోయింది. ఎదురు చూసి చూసి వాడిపోయిన ఆ మొహం ఆమెను కట్టేసింది.

తల్లులు రాకపోవడానికి కారణం ఉంది. ఆ వైపు మనుషులు తరాజులో కూర్చునేది ఒక్క పని మీదే. మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి వస్తుంది. బిడ్డకు జబ్బు చేసినా, కడుపు పండకపోయినా తల్లికి ఎత్తు బెల్లం మొక్కుకుంటారు. మొక్కు ఫలించాక తరాజులో ఒకపక్క మనిషి కూర్చోవాలి, రెండోపక్క అంత బరువు బెల్లం పెట్టాలి. ఆ బెల్లాన్ని బంగారం అంటారు. అది జాతరలో తల్లి కొలువుండే గద్దెకు చేరితేనే మొక్కు తీరినట్టు. అట్లాంటిది ఎవరో తెల్లపిల్ల వచ్చి ఊరి పిల్లలందరినీ తూస్తానంటే ఏమనుకుంటారు?

"గా ఐలవ్వ ఎవలకు మొక్కిందవ్వా?" అని నల్లా దగ్గర పోశవ్వ అడగనే అడిగింది. పోశవ్వ పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆమె కొడుకు గట్టయ్యకు ఎనిమిది నెలలు. పేరుకే గట్టయ్య గానీ ఎత్తుకుంటే కోడిపిల్లంత ఉండేవాడు. "మొక్కు ఆమెదైతే తూకం మావోళ్ళకెందుకు? మొక్కెవలకో తెల్వకుంట పోరన్ని ఎట్ల కూసోబెడ్త?"

అది మొక్కు కాదు, డాక్టర్ల లెక్క అని సమ్మవ్వ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అది చెబితే ఒక్కరూ రారని కూడా ఆమెకు తెలుసు. ఖాళీ జోలె కళ్ళ ముందు ఊగింది. "నాకు కలొచ్చింది పొల్లా" అంది. "సమ్మక్క తల్లి గద్దె. గద్దె మీద ఎదురు బొంగు. బొంగుకు గీ కాటానే ఏలాడుతున్నది. తెల్లచీర కట్టుకోని గీ ఐలవ్వనే ఒక్కొక్క పోరన్ని జోలెల పెడుతున్నది. పెట్టంగనే పోరడు బరువైతున్నడు. పండిన జొన్నకంకి తీరు వంగుతున్నది కాటా. తల్లి చూసి నవ్వుతున్నది."

ఆ కల వచ్చిందో, ఆ క్షణంలో కల్పించిందో ఆమెకే సరిగా తెలియదు. ఆమె కలలకూ మెలకువకూ మధ్య గోడ ఎప్పుడూ అంత గట్టిది కాదు. ఆడవాళ్ళు మాత్రం బిందెలు నిండి పొర్లుతున్నా చూడలేదు. ఐలవ్వ సమ్మక్క పేరు మీద ఊరి పిల్లలందరికీ మొక్కుకుందన్న మాట మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగేలోపు లైన్లన్నీ తిరిగింది.

మర్నాడు దవాఖాన ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. జోలెలో ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఏడ్చారు, నవ్వారు, తడిపారు. షహజాదీ బేగం కూడా తన చిన్నదాన్ని తెచ్చింది. తాను బొమ్మలు గీసి చెప్పిన విషయం తల్లుల మనసుకు ఎక్కిందని ఐలవ్వ సంబరపడింది. ఎవరి బరువైనా పెరిగితే ఆమె చప్పట్లు కొట్టేది, చూసి తల్లులందరూ కొట్టేవాళ్ళు. గట్టయ్య బరువు మాత్రం మొదట్లో కదల్లేదు. ఐలవ్వ వాడి కింది కనురెప్ప వంచి రక్తం ఉందో లేదో చూసింది, పాలపొడి ఇచ్చింది, పప్పు మెదిపి, గుడ్డు చిదిమి ఎట్లా తినిపించాలో పోశవ్వకు చూపించింది. నెల తిరిగేసరికి వాడు కాటాను లాగి ఆడుకునేంత అయ్యాడు. చప్పట్లు రోడ్డు అవతలి వజీర్ కిరాణా దుకాణం దాకా వినిపించాయి.

మధ్యాహ్నాలు ఐలవ్వ, సమ్మవ్వ కలిసి లైన్లు తిరిగేవాళ్ళు, రాని పిల్లలను పిలుచుకు రావడానికి. ప్రతి మలుపు దగ్గరా సమ్మవ్వ "కూసుందాం బిడ్డా" అనేది. అరుగు కనిపిస్తే అరుగు, రాయి కనిపిస్తే రాయి. ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఎదురుగా పవర్ హౌస్ పొగగొట్టం పొగను నెమ్మదిగా ఆకాశంలోకి వదులుతూ ఉండేది, ఆరేసిన చీరల మీద బొగ్గు నలుసులు వాలుతూ ఉండేవి. ఐలవ్వకు అది ఎంతో నచ్చింది. ఈ దేశంలో మనుషులకు తొందర లేదు, ప్రతి మలుపులో ఆగి లోకాన్ని చూస్తారు, మా వాళ్ళకు ఈ విద్య రాదు అని డాక్టరు గారితో చెప్పింది. ఆయనా నిజమే అన్నట్టు తలాడించారు.

అట్లా కూర్చున్నప్పుడే ఐలవ్వ తన ఊరి గురించి చెప్పింది. నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు, మిగతాది చేతులు. చుట్టూ నీళ్ళు. మధ్యలో ఊరు. అమ్మకు గొర్లు ఉన్నాయి. గొర్లనేసరికి సమ్మవ్వ మొహం వెలిగింది. ఎన్ని అని అడగలేదు, ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తారని అడిగింది. ఐలవ్వ కత్తెర పట్టినట్టు చేతులు ఆడించి చూపితే, గట్ల కాదు గిట్ల అని సమ్మవ్వ తన కాళ్ళ మధ్య లేని గొర్రెను పడుకోబెట్టి చూపించింది. ఆ రాత్రి కలలో గోదావరికి అవతలి ఒడ్డు లేదు. ఎంత చూసినా నీళ్ళే. ఆ నీళ్ళ మీద నురగ లాగా గొర్రెలు నడిచి వస్తున్నాయి. ఇవతలి ఒడ్డు మీద తన బిడ్డ పాకుతూ వాటికి ఎదురు పోతోంది. పొద్దున ఈ కల షహజాదీకి కూడా చెప్పలేదు. రోజంతా దాన్ని లోపలే పెట్టుకుని తిరిగింది.

సంక్రాంతి దాటింది. మాఘం వచ్చింది. జాతరకు బండ్లు కట్టే మాటలు, బసంత్‌నగర్ నుంచి లారీలు మాట్లాడుకునే మాటలు మొదలయ్యాయి. ఒకరోజు నల్లా దగ్గర పోశవ్వ గట్టయ్యను చంకనేసుకుని సమ్మవ్వ ముందు నిలబడింది.

"అవ్వా, ఐలవ్వ బెల్లం ఎన్నడు తెప్పిస్తది? పున్నమి దగ్గరికొచ్చె. ఆమె ప్రయాణం గూడ దగ్గరికొచ్చె."

సమ్మవ్వ నిండని బిందెనే నల్లా కింది నుంచి లాగేసుకుంది.

"మొక్కు తీరకుంట పోతే నా పోరన్ని ఇగ గా జోలెల పెట్ట. ఇప్పటికే తల్లి చూసుకుంట ఉంటది. తూకం అయింది, బంగారం రాలే. గిది ఎవల మీదికొస్తది? మా పోరగాండ్ల మీదికే గద?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు. వాళ్ళది బెదిరింపు కాదు, భయం. ఆ భయం తాను పెట్టిందే. పిల్లలు రావడం మానేస్తే కాటా ఖాళీగా ఊగుతుంది, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న గట్టయ్య లాంటి వాళ్ళు మళ్ళీ ఎవరి కంటా పడకుండా చిక్కిపోతారు. ఊరందరి పిల్లల ఎత్తు బెల్లం అంటే మాటలా? అంత బెల్లం వజీర్ దుకాణంలోనే ఉండదు. తల్లి కోపగించుకుంటే? సమ్మవ్వకు ఆ రోజు నిలబడి నిద్ర కూడా పట్టలేదు. సాయంత్రం నేరుగా డాక్టరు గారి గదిలోకి పోయి, ఐలవ్వ అక్కడే ఉండగా, అంతా చెప్పేసింది.

"కల చెప్పి జనాన్ని పోగు చేశావా! చూశావా అమ్మాయ్, మన సమ్మవ్వ ఘనకార్యం!" అని డాక్టరు గారు ముందు నవ్వి, తర్వాత ఐలవ్వకు ఇంగ్లీషులో వివరించారు. ఆమె నవ్వలేదు. తన మాట నమ్మి ఒక్క తల్లీ రాలేదన్నమాట. రెండు నెలలు తాను కొట్టిన చప్పట్లు ఒక చోట, వాళ్ళు కొట్టిన చప్పట్లు ఇంకో చోట. కిటికీ దగ్గరికి పోయి వరండాలోని కాటాను చూసింది. తర్వాత మెల్లగా ఏదో అంది. డాక్టరు గారు తెలుగులో చెప్పారు: "తను వెళ్ళిపోయాక కూడా కాటా ఇక్కడే ఉంటుందట. అబద్ధానికి వేలాడదీసి పోలేనంటోంది. వాళ్ళకు నిజం చెప్పమంటోంది, ఏమైనా సరే."

మర్నాడు సమ్మవ్వ నిజం చెప్పింది. నల్లా గట్టు మీద కూర్చుని, ఆయాసపడుతూ, దాచకుండా చెప్పింది. "ఆమె మొక్కలే. ఆమెకు మన తల్లి పేరు గూడ తెల్వదు. పోరగాండ్లు మంచిగున్నరా లేరా చూసేటందుకే గా కాటా. కల నాది. మిమ్ముల రప్పిచ్చింది నేను. తిట్టుర్రి, కొట్టుర్రి. పోరగాండ్లను మాత్రం ఆపకుర్రి."

పోశవ్వ గట్టయ్యను చంక మార్చుకుని అంది: "అయితే మొక్కు ఐలవ్వది కాదు. నీది."

"నేను మొక్కలే బిడ్డా."

"కల ఎవలకొచ్చిందో మొక్కు వాళ్ళదే. తల్లి నీకు కనవడ్డది, నీ నోటితోని చెప్పిచ్చింది. ఇగ తరాజుల కూసోవలసింది నువ్వే. నీ ఎత్తు బంగారం పోతే మా అందరి పోరగాండ్ల మొక్కు తీరినట్టే."

అవునంటే అవునన్నారు అందరూ. నిజం చెబితే ఇట్లా చుట్టుకుంటుందని సమ్మవ్వ కలలో కూడా అనుకోలేదు. తన దగ్గర అంత బెల్లం ఎక్కడిదని ఆమె అడగకముందే, ఇంటికో ముద్ద తెస్తామని తేల్చేశారు. "మేము గూడ ఏస్తం అక్కా. వజీర్‌తోని జెప్పి పెద్ద తరాజు నేనిప్పిస్త" అంది షహజాదీ బేగం. దుకాణం వజీర్ ఆమె పెనిమిటే.

ఆదివారం పొద్దున వజీర్ దుకాణం ముందు బస్తాలు తూచే పెద్ద తరాజు కట్టారు. కడిగి, పళ్ళేల అంచులకు పసుపు రాశారు. సమ్మవ్వ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పళ్ళెం దగ్గర ఆగిపోయింది. "మొగడు లేనిదాన్ని. గిసొంటి శుభకార్యంల నేను కూసోవచ్చునా?" అంది.

"సమ్మక్క తల్లి గూడ యుద్ధంల మొగన్ని పోగొట్టుకున్నదే" అంది పోశవ్వ. "ఆమెకు లేని పట్టింపు మనకెందుకు? కూసో."

కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆడవాళ్ళు వరసగా, కొంగుల్లో మూటగట్టిన బెల్లం ముద్దలతో, దుకాణం నుంచి దవాఖాన గేటు దాకా నిలబడ్డారు. ఐలవ్వ, డాక్టరు గారు గేటు దాటి వచ్చి చూస్తున్నారు. షహజాదీ బేగం మొదటి ముద్ద పెట్టింది. పోశవ్వ రెండోది. ఒక్కొక్కరూ వచ్చి పెట్టి మొక్కి పక్కకు తప్పుకుంటున్నారు. వరస ఇంకా సగం కూడా కదల్లేదు, సమ్మవ్వ కూర్చున్న పళ్ళెం నేల వదిలి గాలిలోకి లేచింది.

వజీర్ నమ్మలేదు. తరాజు ఎక్కడో పట్టుకుందనుకున్నాడు. సమ్మవ్వను దింపి, బెల్లం తీసి, ఖాళీ పళ్ళేలు చూశాడు. ముల్లు నిటారుగా నిలిచింది. మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ అంతే. "తరాజుల ఫరక్ లేదమ్మా" అన్నాడు. మిగిలినవాళ్ళు కొంగుల్లో బెల్లంతో అట్లాగే నిలబడిపోయారు. "తల్లికి నీ మీద దయ గలిగిందవ్వా, సగం మాఫ్ జేసింది!" అని ఎవరో అంటే గొల్లున నవ్వారు. సమ్మవ్వ కూడా ఊగుతున్న పళ్ళెంలో కూర్చుని పసిపిల్లలా నవ్వింది.

ఐలవ్వ ఒక్కతే నవ్వలేదు. అంత తేలికగా పైకి లేచే పళ్ళెం ఎట్లాంటి బిడ్డదో ఆమెకు తెలుసు. జనాన్ని తప్పించుకుని వచ్చి పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు నెలలుగా ప్రతి బిడ్డకూ చేసినట్టే సమ్మవ్వ కింది కనురెప్ప వేలితో వంచి చూసింది. లోపల ఎరుపు లేదు. ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉంది. చేతులు తిప్పి చూసింది. గోళ్ళు చెంచాల్లా గుంటలు పడి ఉన్నాయి. వారం వారం కాటాకు జోలె తగిలించి ఇచ్చిన చేతులే అవి.

"సమ్మవ్వా, దమ్ము వస్తదా?" అని అడిగింది, వచ్చీరాని తెలుగులో.

"ఒస్తది బిడ్డా. నడిస్తే ఒస్తది. మాట్లాడితే గూడ ఒస్తది. అందుకే గద మలుపు మలుపుకు కూసునేది."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే గద" అంది సమ్మవ్వ. నిష్ఠూరం ఏమీ లేదు ఆ మాటలో. "పోరగాండ్లనైతే అడిగినవ్."

ఐలవ్వ అక్కడే, బెల్లం పొడి రాలిన ఆ మట్టిలో కూర్చుని ఏడ్చింది. నవ్వులు ఆగిపోయాయి. ఎందుకేడుస్తోందో డాక్టరు గారు చెప్పనవసరం లేకపోయింది. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. రోజూ ఏ ఊరెళ్ళావని అడిగి నవ్విన మనిషి ఆయన.

పరీక్ష చేస్తే సమ్మవ్వ ఒంట్లో ఉండవలసిన రక్తంలో మూడో వంతు కూడా లేదు. కడుపులో కొంకి పురుగులు. చెప్పులు లేని కాళ్ళ గుండా ఎప్పుడో మట్టిలోంచి ఎక్కాయి, ఏళ్ళ తరబడి కూర్చుని తాగాయి. మన్ను తినాలనిపించడం, నిలబడితే కళ్ళు మూతలు పడటం, ఈ లోకంలో సగమే ఉండటం, అన్నీ ఆ రక్తం లేనితనమే. ఇట్లాగే వదిలేస్తే వచ్చే వానాకాలం దాటేది కాదని డాక్టరు గారు అన్నారు. పురుగులకు మాత్రలు ఇచ్చారు, రక్తానికి మాత్రలు ఇచ్చారు. ఐలవ్వ తాను ఉన్నన్ని రోజులూ తన చేత్తో మింగించింది. పూటపూటా ఎదురుగా కూర్చుని, పప్పు మెదిపి, గుడ్డు చిదిమి తినిపించింది. "నేను గట్టయ్యనా బిడ్డా" అని సమ్మవ్వ సిగ్గుపడితే, అవునని తలూపింది.

సమ్మవ్వ ఎత్తు బెల్లం ఆమె లేకుండానే లారీ ఎక్కి జాతరకు పోయింది. ఆడవాళ్ళు గద్దె దగ్గర పెట్టి, ఆమె పేరు చెప్పి మొక్కి వచ్చారు. పున్నమి వెళ్ళిన వారానికి ఐలవ్వ కూడా వెళ్ళిపోయింది. స్టేషన్‌లో, కాలేజీకి పోయి ఏం చెబుతావని డాక్టరు గారు అడిగారు. కాటాలో కూర్చున్న వాళ్ళనే చూశానని, పక్కన నడిచిన మనిషిని చూడలేదని చెబుతానంది. రైలు కదిలాక సమ్మవ్వ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచింది. మధ్యలో ఎక్కడా కూర్చోలేదు.

తర్వాతి తూకం రోజు వచ్చింది. మొక్కు తీరిపోయింది, మొక్కుకుందని మొదట అనుకున్న పిల్లా వెళ్ళిపోయింది. ఇక ఎవరు వస్తారని డాక్టరు గారు లోపలే కూర్చున్నారు. సమ్మవ్వ అయినా కాటా కట్టింది, జోలె తగిలించింది. స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు చూడసాగింది. జోలె గాలికి ఊగింది. ఈసారి చెప్పడానికి ఆమె దగ్గర ఏ కలా లేదు.

పొద్దెక్కేసరికి లైన్ల వైపు నుంచి ఆడవాళ్ళు వస్తూ కనిపించారు. చంకల్లో పిల్లలు. ముందర పోశవ్వ.

సమ్మవ్వ లేచి నిలబడింది. "మొక్కు తీరె గద బిడ్డా, ఇగ ఎందుకొచ్చిన్రే?"

"మొక్కుకు కాదవ్వా" అంది పోశవ్వ. "నువ్వు మా కండ్ల ముంగటనే ఎండిపోతున్నవ్. మేము రోజు చూసుకుంట నవ్వినం. తరాజుల కూసున్నంకనే మాకెర్కయింది. నా పోరన్ని గూడ గట్లనే నవ్వుకుంట పోగొట్టుకుందునేమో."

సమ్మవ్వ గట్టయ్యను అందుకోవడానికి చేతులు చాపింది. పోశవ్వ ఇవ్వలేదు.

"ముందుగాల నువ్వు. తర్వాతనే వీళ్ళు."

వద్దంటున్నా వినకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. వజీర్ అప్పటికే పెద్ద తరాజు కట్టి ఉంచాడు. సమ్మవ్వ కూర్చుంది. అతను ఈసారి బెల్లం కాదు, ఇనుప రాళ్ళు పెట్టాడు. మొక్కు తీర్చిన ఆదివారం బెల్లం ఎంత తూగిందో వజీర్ అప్పుడే తూచి గుర్తు పెట్టుకున్నాడు. అన్ని రాళ్ళు పెట్టినా పళ్ళెం లేవలేదు. ఇంకో చిన్న రాయి పెట్టాడు. లేవలేదు. మరొకటి పెట్టాక మెల్లగా కదిలింది.

"పెరిగినవవ్వా!" అని పోశవ్వ అరిచింది. పిల్లలను చంకల్లో సర్దుకుని అందరూ చప్పట్లు కొట్టారు, దుకాణంలోంచి షహజాదీ బేగం కూడా. కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డనూ కాళ్ళ మీద వేసుకుని పెంచిన మనిషికి, తాను పెరిగినందుకు ఒకరు సంతోషపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సమ్మవ్వ పళ్ళెంలో కూర్చునే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తూకం అయిపోయింది, దిగమని వజీర్ అన్నాడు. ఆమె ఇంకాసేపు దిగలేదు.